పచ్చడి సీసాలతో కెపాసిటర్లు: నా అనుభవం

తిరుపతి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా ల్యాబ్‌లో చేత్తో తిప్పితే స్థిర విద్యుత్తు పుట్టించే విమ్‌షర్స్ట్ యంత్రం ఉంది. దాని లేడెన్ జాడీలు, అంటే ఛార్జ్ దాచుకునే గాజు కెపాసిటర్లు, ఎప్పుడో పగిలిపోయాయి. అవి లేకపోతే వచ్చేది సన్నటి ఊదా రంగు దారాల్లాంటి స్పార్కులే. ఫిబ్రవరి 28, సైన్స్ దినోత్సవానికి పిల్లలకు అసలైన మెరుపు చూపించాలనిపించింది. బయట హై వోల్టేజ్ కెపాసిటర్ల ధర విని, సొంతంగా చేద్దామని కూర్చున్నాను.

1745, 46లలో మొదటి లేడెన్ జాడీలు చేసిన క్లైస్ట్, ముషెన్‌బ్రూక్ వాడింది కూడా నీళ్లు పోసిన గాజు పాత్రే కదా! గాంధీ రోడ్డులో నాలుగు పచ్చడి సీసాలు కొన్నాను. లోపల చిక్కటి ఉప్పునీళ్లు, బయట అల్యూమినియం ఫాయిల్, మూతలోంచి నీళ్లలోకి దిగే పొడవాటి బోల్టు. అంతే. గాజు మందం 3 మిల్లీమీటర్లు. మల్టీమీటర్‌లో ఒక్కో సీసా సుమారు అర నానోఫారడ్ (ఛార్జ్ పట్టే సామర్థ్యానికి కొలత) చూపింది.

మొదటిరోజే తప్పు చేశాను. ఫాయిల్‌ను మెడదాకా చుట్టేసరికి స్పార్క్ మూతి మీదుగా బయటికి దూకింది. 4 సెంటీమీటర్లు కిందికి కత్తిరించి, నీళ్లూ అంతవరకే ఉంచాను. ఆ రాత్రి లైట్లు ఆర్పి చూస్తే నీటి అంచు చుట్టూ సన్నటి నీలి వెలుగు, బుస్సుమనే శబ్దం, ఓజోన్ వాసన. ఛార్జ్ అక్కడ కారిపోతోంది. నీళ్ల మీద ఒక వేలెడు శెనక్కాయల నూనె పోశాను. బుస ఆగింది.

నవంబరు వానలు ఇంకా పెద్ద తలనొప్పి. ఆ తేమలో గాజు మీద కంటికి కనిపించని నీటి పొర పడుతుంది, ఎంత తిప్పినా ఛార్జ్ నిలవదు. ఫాయిల్ లేని భాగాన్ని ఎండలో ఆరబెట్టి, కరిగించిన మైనం పూశాక దారికొచ్చింది. ఇక్కడ ఓపిక పట్టకపోతే మిగతా శ్రమంతా వృథా.

ఒకరోజు వైరుతో డిశ్చార్జ్ చేసి, పది నిమిషాల తర్వాత బోల్టు ముట్టుకున్నాను. మోచేయిదాకా జివ్వుమంది. గాజు తనలో కొంత ఛార్జ్ దాచుకుని, తర్వాత మెల్లగా బయటికి వదులుతుంది. పాఠంలో చెప్పేదే, చేతికి తగిలాక గానీ గుర్తుండలేదు. అప్పటినుంచి పీవీసీ పైపుకు కట్టిన వైరుతో డిశ్చార్జ్ చేస్తాను. పక్కన పెట్టేటప్పుడు బోల్టుకూ ఫాయిల్‌కూ మధ్య వైరు తగిలించే ఉంచుతాను. ఇంటి కరెంటుతో నడిచే ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం ఈ సీసాలు కలపనే కలపను. అక్కడ పొరపాటు జరిగితే ప్రాణమే పోతుంది.

బయటి ఫాయిళ్లు కలిసేలా సీసాలు నాలుగూ స్టీలు పళ్లెంలో పెట్టి, బోల్టులన్నీ కలిపితే 2 నానోఫారడ్‌లు. పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టి నేనే తిప్పాను. స్పార్కులు తక్కువసార్లే వచ్చాయి. కానీ ఒక్కోటీ తెల్లగా, లావుగా, టపాకాయలా పేలింది. “సార్, పిడుగు!” అని అరిచారు.

తర్వాత ఎనిమిదో తరగతి పాప అడిగింది: “సార్, కరెంటు నీళ్లలో ఉందా?”

“నీళ్లలో కాదమ్మా, గాజులో” అన్నాను. బోల్టుకు వైరు తగిలించి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని, సీసా తన చేతికిచ్చాను.