సకినం, టెంటు, ఒక గోమారి

రాత్రి రెండింటికి టెంటు మొత్తం మా మీద కూలింది. బయటెక్కడో నెమలి అరిచింది. మా కుక్క సకినం ఆ అరుపు వైపు ఒక్క దూకు దూకింది. దాని తాడు రెండో కొస టెంటు మేకుకి కట్టి ఉంది. కట్టింది నేనే. పద్దెనిమిది కిలోల కుక్కని జానెడు మేకు ఆపుతుందని ఎలా అనుకున్నానో! మా ఆయన గుడ్డ కింద నుంచే "ముందు నీ కుక్కని పట్టుకో" అన్నారు. బుద్ధిగా ఉంటే మన కుక్క, ఇలాంటప్పుడు నా కుక్క.

సకినం తార్నాకలో మా సందులోనే పుట్టిన వీధికుక్క. తోక చుట్టు మీద చుట్టు తిరిగి ఉంటుంది, సంక్రాంతికి మా అత్తమ్మ పోసే సకినంలాగే. వికారాబాద్ దాటాక కోట్‌పల్లి వైపు తెలిసినవాళ్ల తోట ఉంటే, డిసెంబరులో ఒక శనివారం దాన్ని తీసుకుని వెళ్లాం. ఆ ట్రిప్పు గురించి ఎవరడిగినా టెంటు కథే చెప్పి నవ్విస్తాను. అసలు కథ ఇంటికి వచ్చిన పన్నెండో రోజున మొదలైంది.

ఆ రోజు పెరుగన్నం ముట్టలేదు. మర్నాడు ఉడికించిన చికెన్ పెట్టినా వాసన చూసి పక్కకు తిరిగింది. చెవులు కాలిపోతున్నాయి. కుక్కలకు మామూలుగానే ఒళ్లు మనకంటే వేడిగా ఉంటుంది, 38 నుంచి 39 డిగ్రీల దాకా. దీనికి 40.6 వచ్చింది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 42 వేలు. రెండు లక్షలకు అటూ ఇటూ అయినా ఉండాలట. డాక్టరుగారు రిపోర్టు చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య ఎక్కడికైనా తీసుకెళ్లారా?"

టిక్ ఫీవర్. గోమార్లు, అదే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. గోమారి కరిచినప్పుడు ఎర్లీషియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి చేరుతుంది, వారం నుంచి మూడు వారాల్లోపు బయటపడుతుంది. అందుకే చాలామంది ట్రిప్పుకీ జ్వరానికీ ముడిపెట్టరు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు, అదీ తిండితో కలిపే, ఎందుకంటే ఉత్తి గొంతులో దిగితే మంట పుట్టిస్తుంది. తినని కుక్కకి తిండితో మాత్ర ఎలా వెయ్యాలో మీరే చెప్పండి. నెయ్యి రాసిన ఇడ్లీ ముక్కలో దాచి పెట్టాను. ఇడ్లీ తిని మాత్ర నేల మీద ఉమ్మింది.

తప్పు ఎవరిదో కూడా చెప్పాలి కదా. గోమార్లను చంపే మాత్ర అప్పటికి ఇరవై రోజులు ఆలస్యమైంది. "వచ్చాక వేద్దాంలే" అనుకున్నాను. పైగా నా భయమంతా అడవి మీదే. చిరుతపులి వస్తుందేమో, పాము వస్తుందేమో అని నాలుగు టార్చిలైట్లు సర్దుకున్నాను. గోమారి అడవిలోంచి రాలేదు. తోటలో రెండు కాపలా కుక్కలు పడుకునే రేకుల షెడ్డు ఉంది. మధ్యాహ్నం ఎండకి సకినం అక్కడే గోడవార పడుకుంది. కుక్కల మీద ఉండే గోమార్లు ఎక్కువగా ఇలాంటి చోట్లే గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి. రక్తం తాగకముందు నువ్వు గింజంత ఉంటాయి, కంటికి ఆనవు. తాగాక ఆముదం గింజలా బూడిద రంగులో ఉబ్బుతాయి.

అలాంటి ఆముదం గింజ ఒకటి తిరిగొచ్చిన మూడో రోజున ముందు కాలి వేళ్ల సందులో దొరికింది. చూసి గోటితో లాగి పారేశాను, అంతటితో అయిపోయిందనుకున్నాను. అలా చెయ్యకూడదట. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా, నిదానంగా పైకి లాగాలి. కిరోసిన్ పొయ్యడం, అగరుబత్తితో కాల్చడం అస్సలు పనికిరాదు. వేళ్లతో నలపనూ కూడదు. తీసినదాన్ని స్పిరిట్‌లో వేసెయ్యాలి. ఇప్పుడు ట్రిప్పులో పూటకోసారి వెతుకుతాను: చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో, వేళ్ల సందుల్లో. పనిలో పనిగా పల్లేరుకాయలూ దొరుకుతాయి. పొలం గట్ల మీద నడిచిన కుక్క ఉన్నట్టుండి కుంటిందంటే సగం సార్లు పల్లేరుకాయే.

జ్వరం తగ్గి, ప్లేట్‌లెట్లు పెరిగి, అది మళ్లీ సందులో పిల్లుల్ని తరమడం మొదలుపెట్టేసరికి ఫిబ్రవరి వచ్చింది. ఇక జన్మలో టెంటు ముట్టనన్నాను. తర్వాతి నవంబరులో నేనే దాన్ని అటక మీంచి దించాను.

ఈసారి ముందు మా డాబా మీద వేశాం, ఒక రాత్రి రిహార్సల్. వాచ్‌మన్ పైకొచ్చి చూసి "మేడం, ఇంట్ల జాగ సాల్తలేదా?" అన్నాడు. నవ్వితే నవ్వనీ, ఆ రాత్రి నాకు తెలిసినవి ఏ వీడియోలోనూ లేవు. జిప్పు చప్పుడుకి అది బెదురుతుంది. టెంటు నేల మీద గోళ్లు జారుతుంటే పడుకోదు. అత్తమ్మ పాత గొంగడి పరిస్తే రెండు చుట్లు తిరిగి ముడుచుకుంది. వికారాబాద్ వైపు డిసెంబరు చలి తెలిసిందేగా. సకినానిది పొట్టి బొచ్చు, కింద నుంచి చలి ఎక్కితే మనకంటే ముందు అదే వణుకుతుంది. గొంగడికి ఇంటి వాసన కూడా ఉంది, బహుశా అదే ఎక్కువ పనిచేసింది.

కారులో కూడా పద్ధతి మారింది. మొదటిసారి కడుపునిండా పెట్టి ఎక్కిస్తే మొయినాబాద్ రాకముందే సీటంతా కక్కింది. ఇప్పుడు బయలుదేరడానికి నాలుగు గంటల ముందే తిండి, ఛాతీకి హార్నెస్ వేసి సీటు బెల్టుకి బిగింపు, చేవెళ్ల మర్రిచెట్ల కింద పది నిమిషాల హాల్టు. టీకి దిగినా దాన్ని కారులో వదలం, ఒకరు తాగి వచ్చాక ఇంకొకరు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలో కాస్త పడుతుందంతే, మిగతాదంతా నాలుక చాపి రొప్పడమే. బయట 25 డిగ్రీలున్నా ఎండలో మూసిన కారు అరగంటలో 40 దాకా పోతుంది. అందుకే మార్చి నుంచి వర్షాలు పడేదాకా మా టెంటు అటక మీదే.

నీళ్లు ఇంటి నుంచే, దానికని విడిగా ఐదు లీటర్ల క్యాను. చెరువు నీళ్లు, మడుగు నీళ్లు ముట్టనివ్వను. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఏటా వేయించే టీకాలో దానికీ భాగం ఉంటుంది కానీ అన్ని రకాలకూ కాదు. రేబిస్ టీకా కార్డు ఫొటో ఫోనులో ఉంటుంది. నిప్పు మీద చికెన్ కాల్చే మగవాళ్లకి మాత్రం ప్రతిసారీ చెప్పాల్సిందే: ఉల్లిపాయ పట్టించిన ముక్క వెయ్యొద్దు, కాల్చిన బొక్కలు అసలే వద్దు, పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. "వీధికుక్కే కదా, ఏదైనా అరిగించుకుంటుంది" అని మా ఆడపడుచు మొగుడు ఇప్పటికీ అంటాడు. జ్వరం ఖర్చు బిల్లులు ఆయనకి చూపించాలి.

పాము గురించి ఒకే మాట. మందు ఉంది. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజర, ఈ నాలుగింటి విషానికి మనుషులకిచ్చే మందే కుక్కలకీ ఇస్తారు. కానీ ప్రతి పశువుల డాక్టరు దగ్గరా ఉండదు. వెళ్లేముందే రెండు చోట్లకి ఫోన్ చేసి ఎక్కడుందో కనుక్కుని నంబరు రాసుకుంటాను. కాటు వేస్తే కట్టు కట్టడాలు, కోయడాలు లేవు. నడిపించకుండా ఎత్తుకుని కారెక్కడమే.

అడవి లోపలికి మాత్రం తీసుకెళ్లను. అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కల్ని రానివ్వరు. నాకూ మొదట కోపమొచ్చింది. తర్వాత 2018లో గుజరాత్ గిర్ అడవిలో చనిపోయిన సింహాల సంగతి చదివాను, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్సే వాటిలోనూ బయటపడింది. మా సకినానికి టీకా ఉంది సరే, పక్కవాళ్ల కుక్కకి ఉందో లేదో గేటు దగ్గర ఎవరు చూస్తారు?

డాబా రిహార్సల్ అయ్యాక అదే తోటకి వెళ్లాం. ఈసారి మాత్ర పదిరోజుల ముందే వేశాను. షెడ్డు వైపు పోనివ్వలేదు, మామిడిచెట్టు కింద గొంగడి పరిచాను. చీకటి పడ్డాక తాడు బయట దేనికీ కట్టలేదు. తోట కాసే తాత వచ్చి "ఊరకుక్కలు గుంపుగ తిరుగుతయ్ బిడ్డా, లోపల్నే ఉంచుకో" అని చెప్పి వెళ్లాడు. తాడు నా నడుముకి చుట్టుకుని పడుకున్నాను. రెండింటికో మూడింటికో మళ్లీ నెమలి అరిచింది. సకినం తల ఎత్తింది, చెవులు నిక్కబొడుచుకుంది, నడుము దగ్గర తాడు బిగిసింది. నేను ఊపిరి బిగబట్టాను.

అటు మా ఆయన నిద్రలోనే చెయ్యి చాపి టెంటు కర్ర పట్టుకున్నారు.