రోజూ ఇలాగేనా మేడమ్?

“మేడమ్, వాడు మళ్లీ లేచి తిరుగుతున్నాడు!” ఐదో తరగతిలో నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు.

వాడి పేరెత్తకుండా అందరికీ ఒక పని పెట్టాను. ఒకరు 13వ ఎక్కం రాయాలి. పక్కవాళ్లు చెవి దగ్గర పైడితల్లమ్మ సిరిమాను జాతర కబుర్లు చెప్పాలి (విజయనగరం పిల్లలకి అంతకన్నా ఊరించే కబురేముంటుంది!), వెనకవాళ్లు బెంచీ మీద దరువెయ్యాలి. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్ల పదమూడు నాలుగుల దగ్గర ఆగిపోయింది. 52 కొట్టేసి 62 రాసి, అదీ కొట్టేసింది.

“కొంతమందికి రోజూ ఇలాగే ఉంటుందా మేడమ్?”

దాదాపు ఇలాగే అన్నాను. ఏడీహెచ్‌డీ (మెదడు ఎదిగే తీరులో తేడా వల్ల ధ్యాస, నిలకడ కుదరని ఇబ్బంది) ఉన్న పిల్లలకి అక్కర్లేని శబ్దాన్ని పక్కన పెట్టడం, కుదురుగా కూర్చోవడం చాలా కష్టం. అది పొగరు కాదు, ఇంట్లో గారాబం వల్ల వచ్చేదీ కాదు.

మధ్యాహ్నం నోటుబుక్కులు పంచే పని వాడికే ఇవ్వమని పిల్లలే అడిగారు. ఎంత సంతోషమేసిందో!

నా బెంగల్లా కిటికీ వైపు చూస్తూ కూర్చునే ఆడపిల్లల గురించే. ఇదే ఇబ్బంది ఉన్నా అల్లరి చెయ్యరు కాబట్టి చాలామందిని ఎవరూ గుర్తించరు. మీ క్లాసుల్లో అలాంటివాళ్లని ఎలా కనిపెడుతున్నారో చెప్పండి.