ఒక గ్రాము నూనె, ఒక కోడిగుడ్డు: లిపిడ్ల ప్రాక్టికల్స్‌లో నా అనుభవం

తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివిన రోజుల్లో లిపిడ్ల ప్రాక్టికల్స్ కోసం మాకు ఇచ్చిన సరుకు చిత్తూరు నుంచి తెచ్చిన గానుగ వేరుశనగ నూనె, అంగట్లో కొన్న కొబ్బరినూనె, కోడిగుడ్లు. నీటిలో కరగకుండా క్లోరోఫాం వంటి ద్రావణులలో కరిగేవన్నీ లిపిడ్లే అన్న నిర్వచనం పరీక్షకు సరిపోతుంది గానీ, వాటి నిర్మాణాల మధ్య ఉన్న తేడాను అది చెప్పదు.

మొదట సపోనిఫికేషన్ విలువ, అంటే ఒక గ్రాము నూనెను సబ్బుగా మార్చడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో, కట్టాము. తూచిన నూనెను ఆల్కహాలులో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో రిఫ్లక్స్ కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి మళ్ళీ సీసాలోకే దించే గొట్టం) అమర్చి మరిగించి, మిగిలిపోయిన క్షారాన్ని క్షారంలో గులాబీరంగు చూపే సూచిక ఫినాల్ఫ్తలీన్ రంగు పోయేదాకా, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొలిచి చుక్కచుక్కగా కలుపుతూ టైట్రేట్ చేయాలి. నూనెలో ప్రధానంగా ఉండేది గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు చేరిన ట్రైగ్లిసరైడ్; ఆ గొలుసులు పొట్టివైన కొద్దీ గ్రాములో అణువులు పెరిగి, క్షారం ఎక్కువగా ఖర్చవుతుంది. వేరుశనగ నూనెకు 190 దరిదాపుల్లో వచ్చిన విలువ కొబ్బరినూనెకు 250 దాటింది, ఎందుకంటే కొబ్బరినూనె కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లమే.

అయొడిన్ విలువలో, అంటే వంద గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ను పట్టుకుంటుందన్న లెక్కలో, వరుస తారుమారైంది. అయొడిన్ గొలుసులోని కార్బన్ల మధ్య ఉండే ద్విబంధాల దగ్గర మాత్రమే చేరుతుంది కనుక, ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలు మెండుగా ఉన్న వేరుశనగ నూనెకు 90 ప్రాంతంలో, కొబ్బరినూనెకు 10 లోపు వచ్చింది. ద్విబంధం దగ్గర గొలుసు వంగడంతో అణువులు దగ్గరగా పేరుకోలేవు. మార్గశిరం చలిలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టినా పక్కనున్న వేరుశనగ నూనె జారుడుగానే ఉండడానికి కారణం అదే.

నాకు అన్నిటికంటే నచ్చింది గుడ్డు సొన ప్రయోగం. సొన నుంచి తీసిన లిపిడ్లకు చల్లటి అసిటోన్ కలిపితే ట్రైగ్లిసరైడ్లు, కొలెస్టరాల్ అందులో కరిగిపోయి, లెసిథిన్ వంటి ఫాస్ఫోలిపిడ్లు జిగురుముద్దగా అడుగున మిగులుతాయి. ఆ ముద్దను నీటిలో వేసి కలియబెట్టితే నూనెలా పైకి తేలకుండా పాలలా విస్తరించింది. మూడో కొవ్వు ఆమ్లం ఉండవలసిన చోట ఫాస్ఫేటు, కోలీన్ తలలా ఉండడం వల్ల ఆ తల నీటిని కోరుతుంది, మిగిలిన రెండు కొవ్వు ఆమ్లాల తోకలు నీటిని తప్పించుకుంటాయి. కణాన్ని చుట్టి ఉండే కణత్వచంలోని రెండు పొరలు ఏర్పడేది ఈ గుణం వల్లనే. ట్రైగ్లిసరైడ్‌కు అటువంటి తల లేదు, అందువల్ల అది నీటిని దూరం పెట్టి గ్రాముకు సుమారు 9 కిలోకేలరీల శక్తిని నిల్వ చేసే పనికి తగింది.

అసిటోన్ భాగాన్ని ఆరబెట్టి, క్లోరోఫాంలో కరిగించి, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, గాఢ గంధకామ్లం జాగ్రత్తగా కలిపినప్పుడు వచ్చిన ఆకుపచ్చ రంగు కొలెస్టరాల్‌ది. వైవాలో అధ్యాపకులు దాని మీదనే అడిగారు: కొలెస్టరాల్ ఒక్కటే త్వచాన్ని ఎందుకు కట్టలేదు? నాలుగు వలయాల ఆ అణువులో నీటికి దగ్గరయ్యేది ఒకే ఒక్క హైడ్రాక్సిల్ సమూహమనీ, అందుకే అది ఫాస్ఫోలిపిడ్ల నడుమ ఇమిడి త్వచపు బిగువును సరిచేస్తుందే తప్ప తనంతట తాను పొరగా నిలవలేదనీ చెప్పాను.