పౌలు గారి ఓడ పగిలిన చోట

మాల్టా నుంచి వచ్చి ఇంకా వారం కాలేదు. నిన్న బూట్లు దులుపుతుంటే తడిసి ఎండిన కాగితం ముక్క ఒకటి రాలింది. పండుగ నాడు మేడల మీంచి కురిపించిన కాగితాల్లోది. తీసి బైబిలులో, అపొస్తలుడు పౌలు గారి ఓడ మాల్టా దీవి దగ్గర పగిలిన కథ ఉన్న అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం దగ్గర పెట్టుకున్నాను. ఆ వేడి చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

ముందు మొక్కు సంగతి. మా బాబు సరుకు ఓడలో థర్డ్ ఆఫీసరు. పోయిన ఏడాది న్యూజిలాండ్ నుంచి దుంగలు వేసుకుని వస్తుంటే తుఫానులో చిక్కుకున్నారు. డెక్కు మీద పేర్చిన దుంగలు ఒక పక్కకి జరిగి ఓడ వాలిపోయిందని మాత్రం తెలిసింది. తర్వాత మూడు రోజులు ఏ కబురూ లేదు. ఆ మూడు రోజులూ నేను కన్యమేరీ కొండ మీదే గడిపాను. విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్కడ నిలబడితే హార్బరు కాలువ, ఎదురుగా డాల్ఫిన్ నోస్, లోపలికొచ్చే ఓడ, బయటికెళ్ళే ఓడ అన్నీ కనబడతాయి. ప్రతి ఓడనీ చూసి ఏడ్చాను. బాబు ప్రాణాలతో వస్తే పునీత పౌలు గారి ఓడ పగిలిన చోటికి వెళ్ళి మోకరిస్తాను, బాబు ఓడలో ఎందరున్నారో అందరి పేరా అన్నం పెడతాను అని తల్లికి మొక్కుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున మెసేజీ వచ్చింది. "సరుకు సముద్రంలో వదిలేశాం. 22 మందిమీ ఉన్నాం."

మా ఆయన పోర్టులో 31 ఏళ్ళు ట్యాలీ క్లర్కుగా, అంటే ఓడ సరుకు లెక్కపెట్టే గుమాస్తాగా, చేసి రిటైరయ్యారు. క్రేను ఒకసారి లేపే స్లింగుకి ఎన్ని బస్తాలు, ఓడ అరలోంచి ఎన్ని స్లింగులు లేచాయి, నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. ఆ మనిషికి సరుకంటే ఎంత భయమో నాకు తెలుసు. ఒక్క బస్తా లెక్క తగ్గితే రాత్రి అన్నం తినేవారు కాదు. అలాంటాయన దుంగలు ఎన్ని పోయాయని అడగలేదు. "22 మందీ" అని నాలుగైదుసార్లు చదివారు. లోపలికెళ్ళి వాళ్ళ నాన్నగారి పాత బైబిలు తెచ్చి, నా ముందు పెట్టి, ఒక వచనం మీద వేలు ఉంచారు. ఓడలో ఉన్న మేమందరం 276 మందిమి అన్న వచనం.

ఆయన మోకాళ్ళు సహకరించక నేనొక్కదాన్నే వెళ్ళాల్సి వచ్చింది. మా చెల్లెలి కూతురు మాల్టాలో నర్సు కాబట్టి ధైర్యం చేశాను. వీసా, విమానాలు, దుబాయిలో ఎదురుచూపు అన్నీ ఇప్పుడు కలగాపులగంగా ఉన్నాయి, ఆ గొడవ వదిలేస్తాను.

ఫిబ్రవరి 10న అక్కడ పౌలు గారి ఓడ పగిలిన పండుగ. దేశమంతా సెలవు. ముందురోజు చిన్నది నన్ను సెయింట్ పాల్స్ బే తీసుకెళ్ళింది. అఖాతం ముఖాన చిన్న రాతి ద్వీపం, దాని మీద తెల్లగా పౌలు గారి స్వరూపం. 1840ల్లో నిలబెట్టారట. గాలి ఎక్కువగా ఉంది, పడవలు తిరగడం లేదు. ఒడ్డునే కూర్చుని పాత బైబిలు తీశాను. అందులో ఈ దీవి పేరు మెలితే.

వెయ్యిసార్లు విన్న కథ. కానీ ఆ నీళ్ళ ముందు చదువుతుంటే, పోర్టులో బతికిన ఇంటిదాన్ని కదా, నా కళ్ళు సరుకు మీదే పడ్డాయి. అది అలెక్సంద్రియ ఓడ. ఐగుప్తు (ఈజిప్టు) గోధుమలతో ఇటలీకి పోతోంది. రోము తినే రొట్టెలో పెద్ద వంతు అలా సముద్రం మీద వచ్చేదే. మంచిరేవులు అనే రేవు దగ్గర పౌలు గారు ఆగమంటే ఎందుకు ఆగలేదు? ఖైదీలకి కాపలాగా వచ్చిన రోము సేనాధికారి, శతాధిపతి, ఆయన మాట వినలేదు, నావికుడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. ఆ రేవు శీతకాలం గడపడానికి అనుకూలం కాదట. పైగా సరుకు ఒడ్డు చేరాలి కదా. చేరితేనే డబ్బు. ఊరకులోను అనే తుఫాను గాలి పట్టుకుంది. మర్నాడు సరుకులు పారేశారు. మూడోనాడు ఓడ సామగ్రి పారేశారు. గోధుమలు మాత్రం చివరిదాకా ఉంచుకున్నారు. పధ్నాలుగో రాత్రి లోతు కొలిచే గుండు వేసి చూస్తే 20 బారల లోతు, కొంచెం ముందుకి పోతే 15 బారలు. అమరంలోంచి, అంటే ఓడ వెనక భాగంలోంచి, నాలుగు లంగర్లు వేశారు. తెల్లవారుతుండగా పౌలు గారు రొట్టె విరిచి అందరి చేతా తినిపించారు. తలలు లెక్కపెట్టిన వచనం అక్కడుంది. ఆ తర్వాతే గోధుమలు సముద్రంలో పారబోశారు. ముందు మనుషుల లెక్క, తర్వాత గోధుమలు. ఈ వరస ఇన్నేళ్ళూ నాకు కనబడనే లేదు.

పౌలు గారు కూడా ఆ ఓడలో ఒక రకంగా సరుకే కదా. సంకెళ్ళతో రోముకి చేరవేయాల్సిన ఖైదీ. ఓడ నేల తట్టుకున్నాక ఖైదీలు ఈది పారిపోతారని సైనికులు చంపబోయారు. వాళ్ళకి అదీ లెక్కలో తేడానే. శతాధిపతి అడ్డుపడ్డాడు.

బైబిలులో సరుకు పట్టీలు చాలా ఉన్నాయి. యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 27 చదివితే తూరు అనే పాత రేవు పట్టణం బిల్లులు చదివినట్టే ఉంటుంది. తర్షీషు నుంచి వెండి, ఇనుము, తగరం, సీసం. యూదా, ఇశ్రాయేలు నుంచి గోధుమలు, తేనె, నూనె. దమస్కు నుంచి ద్రాక్షారసం, తెల్ల ఉన్ని. ఆ తూరుని ఒక అందమైన ఓడగా వర్ణించి, చివరికి తూర్పుగాలితో నడిసముద్రంలో బద్దలు కొట్టేస్తాడు ప్రవక్త. సొలొమోను ఓడలు మూడేళ్ళకోసారి బంగారం, వెండి, దంతం, కోతులు, నెమళ్ళు తెచ్చేవి. ఆ నెమళ్ళకి హెబ్రీలో ఉన్న మాట మన దక్షిణాది నుంచే వెళ్ళిందని, తమిళ తోకై దాని మూలమని చాలామంది పండితుల అభిప్రాయం. మన తోక కూడా ఆ కుదురుదే. ఇది మా ఆయనకి ఎంత ఇష్టమో! మన తీరం మాట సొలొమోను ఓడెక్కిందని ప్రతి క్రిస్మసుకీ ఇంటికొచ్చినవాళ్ళకి చెబుతారు.

సరుకు పాపమని బైబిలు ఎక్కడా అనలేదు. గుణవతి అయిన భార్యని సామెతల చివర్న వర్తకపు ఓడతోనే పోల్చారు, దూరం నుంచి ఆహారం తెస్తుందని. కానీ ప్రకటన గ్రంథం 18లో, దేవుడు కూల్చేసిన మహాబబులోను నగరం సరుకు పట్టీ ఉంది చూడండి. బంగారంతో మొదలై, ముత్యాలు, పట్టు, దాల్చినచెక్క, గోధుమలు, గొర్రెలు, గుర్రాలు, రథాలు, అన్నిటికన్నా చివర్న మనుషుల ప్రాణాలు. మా ఆయన దాన్ని చూపించి, "మనుషుల్ని సరుకులో కలిపి ట్యాలీ చేశారే, అదీ వాళ్ళ తప్పు" అనేవారు. ఆ ఒడ్డున కూర్చుంటే ఆ మాట నాకు పూర్తిగా అర్థమయింది. యోనా ఓడవాళ్ళు నయం. ఓడ తేలిక చేయడానికి సరుకులు పారేశారు, తర్షీషుకి కేవు (ఓడ కిరాయి) తీసుకుని ఎక్కించుకున్న ముక్కూమొహం తెలియని మనిషి వల్లే తుఫాను అని తేలాక కూడా అతన్ని నీళ్ళలో వేయడానికి చేతులు రాక ఒడ్డుకి తెడ్లు వేస్తూనే ఉన్నారు. అన్యులు వాళ్ళు.

పండుగ నాడు రాజధాని వాలెట్టాలో పౌలు గారి ఓడ పేరనే ఉన్న గుడికి వెళ్ళాం. మెల్కియొర్రె కఫా అనే శిల్పి చెక్కిన పౌలు గారి చెక్క స్వరూపాన్ని సాయంత్రం భుజాల మీద ఊరేగిస్తారు. మధ్యాహ్నం జల్లు పడి ఆగింది. వీధులు ఇరుకు, ఏటవాలు, కొన్ని మొత్తం మెట్లే. జనం సంగతి ఏం చెప్పను! గుడి గుమ్మం దాకా కూడా పోలేకపోయాం. అంత దూరం నుంచి వచ్చి నేను జపమాల తీస్తే, నా మొహం ముందు అందరి ఫోన్లూ లేచాయి. వెనకనుంచి ఒకటే తోపులు. చేతిలో బీరు గ్లాసులతో కుర్రకారు అరుపులు, బ్యాండు మోతకి చెవులు హోరెత్తిపోయాయి. ఇదేం భక్తి అని కోపం వచ్చేసింది. ఆ కోపంలోనే ఉన్నాను, వెనకనుంచి ఒక అల వచ్చినట్టు జనం తోశారు. చిన్నది చేయి జారిపోయింది. తడిసిన కాగితాల మీద కాలు జర్రుమని మెట్ల మీద పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఫోను చిన్నదాని బ్యాగులో ఉంది. చలి. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. నా బాబు ఆ రాత్రి ఇలాగే ఉండి ఉంటాడని, అంతకన్నా వేయిరెట్లని అనిపించి అక్కడే ఏడుపొచ్చింది.

ఒక తలుపు తెరుచుకుంది. నల్ల స్వెట్టరు వేసుకున్న ముసలమ్మ వచ్చి, ఏమీ అడక్కుండా నన్ను రెక్క పట్టి లేపి లోపలికి తీసుకెళ్ళింది. గ్యాసు హీటరు వెలిగించి నా కాళ్ళ దగ్గరికి జరిపింది. గాజు గ్లాసులో పాల టీ ఇచ్చింది. కుర్చీలో ఆవిడ అన్నగారు, పక్కన మనవరాలు. ఆ అమ్మాయి నా మోకాలు కడిగి కట్టు కట్టింది. వాన, చలి, నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్న ద్వీపవాసులు. కార్యాలు 28 మొదట్లోనే ఉంది. నేను ఆ పేజీలోకి వచ్చి కూర్చున్నట్టయింది.

ఎందుకొచ్చావంటే నాకు తెలిసిన ముక్కల్లో చెప్పాను. కొడుకు, ఓడ, తుఫాను, సరుకు పోయింది. ఆవిడ భర్త ఓడల మరమ్మతు యార్డులో పనిచేసి పోయాడట. ఆవిడ ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఓడలో ఎందరు?" వేళ్ళు చూపించి 22 అన్నాను. "ఎందరు వచ్చారు?" మళ్ళీ 22 అన్నాను. ఆవిడ సిలువ గుర్తు వేసుకుని నా తల మీద చెయ్యి పెట్టింది. సరుకేమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

బయట మోత దగ్గరపడింది. మనవరాలు నన్ను పట్టుకుని మేడమీదికి ఎక్కించింది. చెక్కతో మూసిన బాల్కనీ, కిటికీ తెరిచారు. వీధంతా తెల్ల కాగితాల వాన. ఆ వానలోంచి, నా కళ్ళకి సరిగ్గా ఎదురుగా, చేయి ఎత్తిన పౌలు గారు వచ్చారు. కింద ఉంటే ఫోన్ల మధ్య వీపు కూడా కనబడేది కాదేమో. మోసేవాళ్ళు సరిగ్గా అక్కడ భుజాలు మార్చుకోవడానికి ఆగారు. ఎంతసేపు, పది లెక్కపెట్టేంత. నేను ఏమీ అడగలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు. తెలుగులోనే "వచ్చానయ్యా" అన్నాను. ముసలమ్మ నా పక్కన మాల్టీసులో ఏదో ప్రార్థన చేస్తోంది. వాళ్ళు దేవుణ్ణి అల్లా అంటారు, ఆ ఒక్క మాటే నాకు తెలిసింది. భుజాలు మారాయి, స్వరూపం ఊగి ముందుకి పోయింది.

చిన్నది వీధిలో ఏడుస్తూ వెతుకుతోంది. మనవరాలు బాల్కనీలోంచి కేకేసి పిలిచింది. "పెద్దమ్మా, ప్రాణం పోయిందనుకో" అని నన్ను పట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున్నే అదే గుడి ఖాళీగా ఉంది. వీధి ఊడుస్తున్నారు. పౌలు గారి మణికట్టు ఎముక అవశేషం ముందు గంటసేపు, కట్టు కట్టిన మోకాలితోనే మోకరించాను.

ఇక మొక్కులో రెండో సగం. మూడో రోజు చిన్నదాని ఇంట్లో పులిహోర, కోడికూర, గోధుమరవ్వ పాయసం చేశాను. గోధుమలతోనే తీపి చేయాలని ముందే అనుకున్నాను. దానితో పనిచేసే తెలుగు పిల్లలు, మలయాళీలు, ఇద్దరు ఫిలిప్పీన్సు అమ్మాయిలు, కింద కొట్లో పనిచేసే నేపాలీ కుర్రాడు వచ్చారు. చోటు చాలక మంచం మీద, మెట్ల మీద కూర్చుని తిన్నారు. లెక్క చూస్తే 19. మూడు డబ్బాలు సర్ది, చిన్నదాన్ని తీసుకుని బస్సెక్కి వాలెట్టా వెళ్ళి, ఆ తలుపు తట్టాను.

రాత్రి మా ఆయనకి ఫోను చేశాను. బాబు అప్పటికే మళ్ళీ ఓడెక్కాడు, సింగపూరు దాటారని చెప్పారు. నేను వచ్చినవాళ్ళందర్నీ వరసగా చెబుతుంటే అవతల పెన్సిలు గీస్తున్న చప్పుడు వినబడింది.

"పందొమ్మిదీ, ఆ ఇంటివాళ్ళు మూడూ" అన్నాను.

"22" అన్నారు. "రాసుకున్నాను."