కుక్కపిల్లల టీకాలు: ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ కుదరదు

"ఇన్ని సూదులు అవసరమా? సహజంగా పెంచలేమా?" అని కుక్కపిల్లల్ని కొనేవాళ్లూ అడుగుతున్నారు, తోటి బ్రీడర్లూ అడుగుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎదిగిన కుక్కలకు అన్ని టీకాలూ ఏటేటా వేయించనక్కర్లేదన్న మాటలో నిజం ఉంది. పిల్లలకు టీకా బదులు హోమియో చుక్కలు చాలన్న మాటలో లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టేయడంతోనే చిక్కంతా.

అసలు లెక్క ముర్రుపాల దగ్గర మొదలవుతుంది. పుట్టిన పిల్లకు రక్షణ దాదాపు మొత్తం ఆ పాల నుంచే వస్తుంది. పాలలోని యాంటీబాడీలు పేగు గోడ దాటి రక్తంలో కలిసేది మొదటి 24 గంటల్లోనే, అందులోనూ ఎక్కువ భాగం మొదటి 12 గంటల్లో. ఆ తర్వాత పిల్ల ఎంత తాగినా కడుపు నిండుతుందే తప్ప యాంటీబాడీలు రక్తంలోకి చేరవు. కాబట్టి ఈతలో నీరసంగా ఉన్న పిల్లను బలమైనవాటి కింద నలగనివ్వకుండా, పాలు బాగా దిగుతున్న చన్నుకు చేత్తో పట్టించాలి. ఒళ్లు చల్లబడిన పిల్ల చప్పరించదు. దానికి ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. మొదటి వారం ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి. 34కు దిగిందంటే పేగు కదలిక మందగిస్తుంది, బలవంతాన పట్టిన పాలు అరగవు.

తల్లి నుంచి వచ్చిన ఈ యాంటీబాడీలు సుమారు పది రోజులకోసారి సగమవుతూ పోతాయి. ఒకే ఈతలో ఒక పిల్లకు ఇంకోదానికంటే నాలుగు రెట్లు ఎక్కువ అందాయనుకోండి. నాలుగు రెట్లంటే రెండుసార్లు సగం కావాలి, అంటే దాదాపు 20 రోజుల తేడా. ఒకటి ఎనిమిదో వారానికే టీకాకు స్పందిస్తే, రెండోది పదకొండో వారం దాకా స్పందించదు. దాని రక్తంలో మిగిలిన తల్లి యాంటీబాడీలు టీకాలోని వైరస్‌ను పనిచేయకముందే పట్టేస్తాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా గంతులేస్తుంటాయి. ఇంకో మెలిక కూడా ఉంది. టీకాను అడ్డుకోవడానికి సరిపోయే యాంటీబాడీలు అసలు పార్వోను, అంటే వాంతులు, విరేచనాలతో పిల్లల్ని చంపే వైరస్‌ను, అడ్డుకోవడానికి చాలవు. టీకా తగలని, రోగం తగిలే ఆ కొన్ని వారాలే పిల్లల్ని బలి తీసుకుంటాయి.

మూడు డోసులు కలిస్తేనే ఒక రక్షణ అనుకుంటారు చాలామంది. డిస్టెంపర్ (ఊపిరితిత్తులను, నరాలను దెబ్బతీసే వైరస్ రోగం), పార్వో, అడినోవైరస్ (కాలేయాన్ని దెబ్బతీసేది) లైవ్ టీకాల విషయంలో, అంటే బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకాల విషయంలో, అది సరికాదు. సరైన సమయంలో తగిలితే సాధారణంగా ఒక్క డోసే చాలు. ఏది తగులుతుందో తెలియదు కాబట్టి వరసగా వేస్తాం. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ, ఆఖరిది 16 వారాలు నిండాక పడాలి. "టీకాలన్నీ వేయించినా పార్వో వచ్చింది" అనేవాళ్ల కార్డు తీసి చూడండి, ఆఖరి డోసు పన్నెండో వారానికి ముందే ఆగిపోయి ఉండటం మామూలు. ఆరు నెలల వయసులో ఇంకొకటి వేయిస్తే, అప్పటికీ తప్పిపోయిన ఒకటీ అరా పిల్లకు కూడా అందుతుంది. ఆ తర్వాత ఈ మూడింటికీ మూడేళ్లకోసారి కంటే ఎక్కువ అక్కర్లేదని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి.

లెప్టో (ఎలుకల మూత్రం వల్ల వ్యాపించే లెప్టోస్పైరోసిస్) కథ వేరు. దానిది చంపిన బ్యాక్టీరియాతో చేసిన టీకా, రక్షణ ఎక్కువ కాలం నిలవదు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి. రేబిస్ పన్నెండు వారాలకు, మళ్లీ ఏడాదికి, తర్వాత టీకా లేబుల్, స్థానిక చట్టం చెప్పినట్టు. రేబిస్ దగ్గర బేరాలు లేవు. లక్షణాలు కనబడ్డాక కుక్కా దక్కదు, అది కరిచిన మనిషికి లక్షణాలు మొదలైతే ఆ మనిషీ దాదాపుగా దక్కడు.

సూదులు తగ్గించుకోవాలంటే నిజాయితీ ఉన్న దారి టైటర్ పరీక్ష. ఆఖరి డోసు పడిన నాలుగు వారాలకు, అంటే సుమారు ఇరవయ్యో వారంలో, రక్తం తీసి డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ యాంటీబాడీలు చూడాలి. అంతకంటే ముందు చూస్తే కనిపించేవి తల్లివో పిల్లవో చెప్పలేం. ఉన్నాయంటే ఆరు నెలల డోసు మానేయవచ్చు. లేకపోతే వేరే కంపెనీ టీకా వేయించి మళ్లీ చూడాలి. అప్పటికీ రాకపోతే ఆ కుక్క ఆ రోగానికి పుట్టుకతోనే స్పందించని రకం కావచ్చు. నేనైతే దాన్ని బ్రీడింగ్‌కు వాడను. ఎదిగిన కుక్కకు మూడేళ్లకోసారి టైటర్ చూపిస్తూ, యాంటీబాడీలు ఉన్నంతకాలం ఈ మూడింటి టీకా ఆపవచ్చు. లెప్టోకు మాత్రం టైటర్ చూసి రక్షణ ఉందో లేదో తేల్చలేం.

ఇక నోసోడ్లు. రోగపు పదార్థాన్నే పలచబరిచి ఇచ్చే హోమియో చుక్కలివి. ఒక సి అంటే ఒకసారి నూటికి ఒకటి చొప్పున పలచన, రెండు సి అంటే దాన్నే మళ్లీ అంత పలచన. పన్నెండు సి దాటేసరికి మొదటి పదార్థంలో ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు, అమ్మేది ముప్పై సి, రెండొందల సి. "నోసోడ్ ఇచ్చిన ఈత మొత్తం బతికింది" అంటే ఆ పిల్లలకు వైరస్ ఎదురుపడి ఉండదు, లేదా చుట్టుపక్కల కుక్కలకు టీకాలు పడి ఉంటాయి. నమ్మకం ఉన్నవాళ్లు అదే ఇరవయ్యో వారంలో టైటర్ చేయించి కాగితం చూపించవచ్చు. ఇప్పటిదాకా ఆ కాగితం ఎవరూ నా ముందు పెట్టలేదు.

టీకా వేసినా పనిచేయకపోవడానికి నిల్వ ఇంకో కారణం. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో పెడితే తలుపు తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. ఫ్రీజర్ పక్కన గడ్డకట్టిన లెప్టో, రేబిస్ సీసాలు కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, కానీ వాడకూడదు. పొడి టీకాను ద్రవంతో కలిపాక గంటలోపు వేసేయాలి. సిరంజిని స్పిరిట్‌తో కడిగి వాడితే లోపల మిగిలిన తడి లైవ్ వైరస్‌ను చంపేస్తుంది. చిన్న జాతి పిల్లకు సగం డోసు అన్నది మరో పొరపాటు. టీకా మోతాదు బరువును బట్టి ఉండదు. చిన్న చివావాకైనా పెద్ద గ్రేట్ డేన్‌కైనా ఒక పూర్తి డోసు వేయాల్సిందే.

దుష్ప్రభావాలు లేవని నేననను. చిన్న జాతుల్లో, ఒకే రోజు ఎక్కువ టీకాలు పడినప్పుడు అవి పెరుగుతాయి. అందుకు మందు సగం డోసు కాదు, ఎడం. లెప్టోను, రేబిస్‌ను మిగతావాటి నుంచి రెండు మూడు వారాల దూరంలో పెట్టమని డాక్టర్‌ను అడగండి. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోండి. మూతి వాచినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, వాంతి చేసుకున్నా, చిగుళ్లు పాలిపోయినా వెంటనే లోపలికి తీసుకెళ్లాలి. ఒకరోజు మందకొడిగా ఉండటం, సూది చోట చిన్న గడ్డ మామూలే. జ్వరంతోనో విరేచనాలతోనో ఉన్న పిల్లకు, చూలుతో ఉన్న కుక్కకు లైవ్ టీకాలు వద్దు. తల్లికి వేయించాల్సిన టీకాలు జత కట్టించక ముందే చూసుకోవాలి.

ప్రత్యామ్నాయాలన్నీ చెత్త కాదు. కీళ్ల నొప్పులకు చేప నూనె, విరేచనాలకు ప్రోబయోటిక్స్ కొంత పనిచేస్తాయి. గోమార్లకని వెల్లుల్లి పెట్టడం మాత్రం మానండి, అది ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. పలచన చేయని టీ ట్రీ ఆయిల్ కొద్దిగా ఒంటికి పట్టినా వెనక కాళ్లు పట్టు తప్పవచ్చు. ఎముక లేని వట్టి మాంసం మీద పెంచితే కాల్షియం అందక పిల్లల కాళ్లు వంకరపోతాయి.

పార్వో నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు సువాసన క్లీనర్లకు అది లొంగదు. ముందు మలం, మురికి పూర్తిగా కడిగేసి, ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పోయాలి. మురికి మీదే పోస్తే బ్లీచ్ ఆ మురికితోనే అయిపోతుంది.

ఎనిమిది వారాల పిల్లను ఇచ్చేటప్పుడు కార్డు మీద "వ్యాక్సినేషన్ పూర్తి" అని రాయకండి. సీసా స్టిక్కర్ అంటించి, వేసిన తేదీ, తర్వాతి డోసు తేదీ, 16 వారాలు నిండే తేదీ విడివిడిగా రాయండి. ఆ చివరి తేదీ దాకా వీధి కుక్కలు తిరిగే చోట పిల్లను దింపొద్దని, టీకాలు పడిన కుక్కలున్న ఇళ్లకు మాత్రం తీసుకెళ్లొచ్చని కొనేవాళ్లకు నోటితో కూడా చెప్పండి.