బాదం పాలు కుదిరేదాకా: నా అనుభవం

పాలు తాగితే నాకు కడుపు ఉబ్బరం. పాలలో ఉండే చక్కెర, అంటే లాక్టోజ్, పడట్లేదని డాక్టర్ తేల్చాక కొన్నాళ్లు ప్యాకెట్ బాదం పాలు వాడాను. ఒకరోజు వెనక రాసింది చదివితే అందులో బాదం 2 శాతం చిల్లరే ఉంది. మిగతాదంతా నీళ్లు, పంచదార, చిక్కదనానికి జెల్లన్ గమ్. దానికంటే ఇంట్లో చేసుకోవడమే నయమనిపించింది.

మొదటిసారి తొందరపడి రెండు గంటలే నానబెట్టాను. మిక్సీ ఎంతసేపు తిప్పినా పప్పు రవ్వలాగే ఉండిపోయింది. పైగా టీ వడకట్టే జల్లెడలో వడకట్టాను. పాలు నీళ్లలా పలచగా వచ్చాయి, గుక్క వేస్తే నాలుకకి ఇసుకలా తగిలాయి.

రెండోసారి రాత్రంతా, దాదాపు పది గంటలు నానబెట్టాను. పొద్దున చూస్తే పప్పులు ఉబ్బి ఉన్నాయి. ఒక్కోదాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నొక్కితే పొట్టు వేళ్ల మధ్యే ఉండిపోయి తెల్లటి పప్పు చటుక్కున జారి గిన్నెలో పడేది. పొట్టు తీయకపోయినా పాలు వస్తాయి. కానీ కొంచెం వగరు, కొంచెం గోధుమ రంగు కూడా వస్తాయి. నాకు ఆ వగరు నచ్చదు, అందుకే ఓపిగ్గా తీస్తాను. నానిన నీళ్లు పారబోసి పప్పును మళ్లీ కడగాలి.

నాకు కుదిరిన కొలత ఒక కప్పు బాదంకి మూడున్నర కప్పుల నీళ్లు. కప్పు బాదం అంటే సుమారు 140 గ్రాములు. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే పప్పు బ్లేడుకి అందకుండా తేలుతుంది. ముందు అరకప్పు పోసి వెన్నలా మెత్తగా రుబ్బి, తర్వాత మిగతావి కలిపి ఒక నిమిషం తిప్పుతాను. చిటికెడు ఉప్పు మాత్రం మర్చిపోను, అది లేకపోతే రుచి చప్పగా ఉంటుంది.

అసలు తేడా అంతా వడకట్టడంలో ఉందని నాకు మూడోసారికి గానీ తెలియలేదు. ఉతికిన పలచని నూలు గుడ్డని గిన్నె మీద పరిచి, పోసి, నాలుగు అంచులూ కలిపి మూటలా మెలితిప్పాలి. మొదట పాలు వాటంతటవే ధారగా కారతాయి. అవి ఆగాక పిండటం మొదలుపెట్టాలి. చిక్కటి పాలన్నీ అప్పుడే దిగుతాయి. గట్టిగా పిండితే గుడ్డలో మిగిలే పిప్పి పొడిపొడిగా రాలుతుంది. ముద్దలా తడిగా ఉంటే ఇంకా పాలున్నట్టే.

ఆ సంతోషంతో సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు చూస్తే పైన చిక్కగా, కింద తేట నీళ్లలా ఉంది. పాడైపోయాయని చాలా టెన్షన్ పడ్డాను. వాసన చూస్తే బాగానే ఉంది. విడిపోకుండా పట్టి ఉంచే గమ్ లేదు కాబట్టి సన్నటి బాదం రేణువులు నీళ్ల నుంచి విడిపోతాయి, అంతే. సీసా ఊపితే కలిసిపోతాయి. నిజంగా పాడైతే పులిసిన వాసన వస్తుంది. ఐదో రోజున నాకు అదీ ఎదురైంది. అప్పట్నుంచి మూడు రోజులకు సరిపడానే చేస్తున్నాను.

కాఫీలో పోస్తే విరిగిపోవడం ఇంకో బాధ. కాఫీలో పులుపు ఉంటుంది, దానికి వేడి తోడైతే బాదంలోని ప్రోటీన్ ముద్దకడుతుంది. ఇప్పుడు పాలను గోరువెచ్చగా చేసి, కాఫీని ఒక నిమిషం చల్లారనిచ్చి, కాఫీనే పాలలో కొద్దికొద్దిగా పోస్తున్నాను. చాలావరకు విరగట్లేదు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ప్యాకెట్ పాలలో చాలావాటికి కాల్షియం విడిగా కలుపుతారు, మనం చేసుకున్నవాటిలో అది ఉండదు. ప్రోటీన్ కూడా మామూలు పాలకంటే బాగా తక్కువ. నేను కాల్షియం వేరేగా చూసుకుంటున్నాను. ఏడాదిలోపు పిల్లలకు మాత్రం తల్లిపాలకో ఫార్ములాకో బదులుగా వీటిని పట్టకండి.

పిప్పి పారేయకండి. పలచగా పరిచి, ఓవెన్‌లో సన్న సెగ మీద తడి పోయేదాకా ఆరబెట్టి మిక్సీ పడితే మంచి పిండి అవుతుంది. ఇంత ఓపిక లేని రోజున నేను జీడిపప్పు నానబెడతాను. మూడు గంటలు చాలు, పొట్టు ఉండదు. మెత్తగా రుబ్బితే వడకట్టే పనే లేదు.