ఫాదరూ, మా బాపూ

డిసెంబర్ వచ్చిందంటే హన్మకొండల యునైటెడ్ క్రిస్మస్ ఫ్లెక్సీలు మొదలైతయ్, పాస్టర్లు ఫాదర్లు అందరు ఒకే స్టేజి మీద, శాలువాలు, కేకు, ఫోటోలు, మళ్ల ఏడాది దాక ఎవరి చర్చి వాళ్లదే. తప్పు పడ్తలేను గానీ దోస్తానా అంటే అది కాదు.

మా బాపు బాప్టిస్ట్ పాస్టర్. కాజీపేట దిక్కు ఒక క్యాథలిక్ ఫాదర్ ఉండె, సోమవారం మా ఇంట్ల ఛాయ్ తాగాల్సిందే (ఆదివారం ఇద్దరికీ గొంతు పోతది కదా). అమ్మను వదినా అంటుండె. ఛాయ్ మరిగేలోపే లొల్లి షురూ. పసిపిల్లలకు జ్ఞానస్నానం ఏంది, వానికేం విశ్వాసం ఉన్నదని బాపు, నిండా ముంచితెనే దేవుడు ఒప్పుకుంటడా అన్నా అని ఆయన. మరియమాత ముచ్చటొస్తే ఇంకా గట్టిగ. ఒక్కరన్నా తగ్గిండ్రా అంటే లేదు, నాకైతే అదే నచ్చేది, ఉత్తుత్తిగ "మనమంతా ఒకటే" అనుకునుడు లేదు.

ఆ లొల్లి అక్కరకొచ్చింది మా సంఘం పిల్లకు క్యాథలిక్ పిల్లగానితోని పెండ్లి కుదిరినప్పుడు. గసుంటి పెండ్లికి వాళ్ల బిషప్ అనుమతి కావాలె, పైగా పుట్టే పిల్లలను క్యాథలిక్కులుగ పెంచనీకి చేతనైనంత చేస్తనని పిల్లగాడు మాటియ్యాలె. పిల్ల నాయిన అది విని లేచి పోయిండు. ఫాదర్ ఏం దాయలే, మాటిచ్చేది పిల్లగాడు, పిల్లకు ఆ సంగతి తెలిసుంటే చాలు, ఆమె తన విశ్వాసం ఇడ్వనక్కర లేదని ఉన్నదున్నట్టు చెప్పిండు. బాపు గూడ వాళ్లింటికి పోయి అదే చెప్పిండు, రేపు పిల్లల కాడ పంచాయితీ రావచ్చు, ఇప్పుడే మాట్లాడుకోండ్రి అని.

పెండ్లి క్యాథలిక్ గుడిలనే అయింది గానీ దివ్యపూజ పెట్టలే, ఎందుకంటే పూజ పెడితే సత్ప్రసాదం క్యాథలిక్కులకే ఇస్తరు, అక్కడ మావోళ్లంతా ఊకె కూసోవాలె, పెండ్లినాడే సగం మందిని పక్కకు పెట్టినట్టయితది అన్నడు ఫాదర్. బాపు వాక్యం చదివి ప్రార్థన చేసిండు. వారం తిరగకముందే మా సంఘపెద్దలు కొందరు, పాస్టర్ గారు విగ్రహాల ముంగట నిలబడ్డరట కదా అని మొదలువెట్టిండ్రు. మరి అటు ఫాదర్‌ను ఎవరేమన్నరో, ఆయనైతే ఎన్నడు చెప్పలే.

డోర్నకల్ అజరయ్య బిషప్ ముచ్చట బాపు మస్తు చెప్తడు. 1910ల ఎడిన్‌బరోల తెల్ల మిషనరీల ముంగట నిలబడి, మీరు ఎన్నో ఇచ్చిండ్రు, ఇగ మాకు స్నేహితులను ఇయ్యుండ్రి అని అడిగిన మనిషి. 1912ల బిషప్ అయిండు, సంఘాలన్ని ఒక్కటి గావాలని ఏండ్లకేండ్లు తిరిగిండు, 1945ల పోయిండు, కొన్ని సంఘాలు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది 1947ల. అండ్ల గూడ మా బాప్టిస్టులు కలవలే, క్యాథలిక్కులు సరేసరి. అంటే సంఘాలు కలిసేదాక ఆగుంటే ఈ ఇద్దరు ఇంకా ఎదురుచూసుకుంటనే ఉందురు.

ఫాదర్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది, కరీంనగర్ దిక్కు పోయిండు. ఇప్పుడు లొల్లి ఫోన్ల నడుస్తది, స్పీకర్ పెట్టి మరీ. కొత్త ఫాదర్ పిల్లగాడే, ఇంకా మా గడప తొక్కలే. బాపు పోయి పిలుస్త అంటుండు, అమ్మేమో ముందు సంఘపెద్దలకు చెప్పిపో అంటది, చెప్తే పోనియ్యరని బాపు.